సంధ్యాకాశం ముందు కూచిపూడి నర్తకి: ఒక సిల్హౌట్ కేస్ స్టడీ

నేపథ్యం

తిరుపతి పరిసరాల్లో నాట్య, సంగీత కార్యక్రమాలకు ఫొటోలు తీయడం నా వృత్తి. ఇక్కడ వివరిస్తున్న పని ఒక కూచిపూడి విద్యార్థిని రంగప్రవేశానికి సంబంధించినది. ఆమె పేరు, ఊరు, గురువుగారి వివరాలు, ఫొటోలు తీసిన చెరువు పేరు కావాలనే వదిలేస్తున్నాను. ఆహ్వానపత్రిక మీద సూర్యాస్తమయ ఆకాశం ముందు నల్లటి రూపంగా, అంటే సిల్హౌట్‌గా, నర్తకి నిలబడి ఉండాలన్నది కుటుంబం కోరిక. నెల జనవరి, సంక్రాంతి వెళ్లిన రోజులు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి, ఆకాశంలో మబ్బు పలచబడింది, కనుక కాలం ఈ పనికి అనుకూలమైనదే.

నా దగ్గరకు వచ్చేసరికే వారు ఒక ప్రయత్నం చేసి ఉన్నారు. బంధువుల్లో ఒకరు మేడ మీద సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటోలు చూపించారు. వాటిలో అమ్మాయి నల్లగా లేదు, బూడిదరంగులో ఉంది, నడుము వెనక నీళ్ల ట్యాంకు, భుజాల మీదుగా కరెంటు తీగలు ఉన్నాయి. ఫోన్ హెచ్‌డీఆర్ పద్ధతిలో వేర్వేరు ఎక్స్‌పోజర్లను కలిపి నీడల్లోని వివరాలను పైకి తెస్తుంది. మామూలు ఫొటోకు అది మేలు చేస్తుంది, సిల్హౌట్‌కు మాత్రం సరిగ్గా అడ్డుపడుతుంది. అమ్మాయి తల్లి సమస్యను ఇలా చెప్పారు: "నల్లగా రావడం లేదు సార్. కొండలు కనపడాల, సూర్యుడు పాప వెనక రావాల, వీలైతే మొహం కూడా తెలియాల."

ఈ కేసును రాసి పెట్టుకోవడానికి కారణం ఆ మాటల్లోనే ఉంది. నల్లగా రాకపోవడం నిమిషంలో తీరే సమస్య. ఫోన్‌లో ఆకాశాన్ని తాకి వెలుతురు తగ్గించినా, కెమెరాలో మాన్యువల్ మోడ్ పెట్టి సూర్యుడి పక్కనున్న ఆకాశాన్ని స్పాట్ మీటరుతో (ఫ్రేములో ఒక చిన్న చోటి వెలుతురునే కొలిచే పద్ధతి) కొలిచినా మనిషి నల్లబడుతుంది. అయితే ఆ నల్లటి ఆకారం నర్తకిగా గుర్తుపట్టేలా ఉంటుందా లేదా అన్నది ఎక్స్‌పోజర్ చేతిలో లేదు. అది భంగిమ అంచుల మీద, ఆ అంచుల వెనక ఎంత ఖాళీ ఆకాశం ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

కోరికల్లో కుదిరేవీ కుదరనివీ

ముందుగా దిక్కుల లెక్క చూడవలసి వచ్చింది. శేషాచలం కొండలు తిరుపతికి ఉత్తరాన, వాయవ్యాన ఉన్నాయి. మన అక్షాంశం దగ్గర జనవరి మధ్యలో సూర్యుడు నేరు పడమర కంటే సుమారు 22 డిగ్రీలు దక్షిణానికి జరిగి అస్తమిస్తాడు. అంటే వాయవ్యపు కొండ ఒక వైపు, సూర్యుడు నైరుతికి దగ్గరగా మరో వైపు ఉంటారు. రెంటినీ ఒకే ఫ్రేములో పెట్టాలంటే వైడ్ లెన్స్ వేయాలి, వేస్తే దూరం నుంచి తీసిన నర్తకి చీమంత అవుతుంది. ఆహ్వానపత్రిక చేతిలోకి తీసుకుని చూసే వస్తువు కనుక అందులో మనిషే పెద్దగా ఉండాలని వాదించాను. ఈ కారణంతో కొండల కోరిక మొదటే పక్కకు పోయింది.

చంద్రగిరి రాజమహల్ ముందు తీస్తే బాగుంటుందని కూడా అడిగారు. అది పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలోని స్మారకం, అక్కడ వృత్తిపరమైన చిత్రీకరణకు ముందస్తు అనుమతి తీసుకోవాలి. అనుమతి దొరికినా అంత పెద్ద కట్టడం నర్తకి వెనక నిలబడితే రెండు నలుపులూ ఒకటై ఆమె అందులో కరిగిపోతుంది. సిల్హౌట్‌లో నేపథ్యం ఎంత గొప్పదైతే ముందున్న ఆకారానికి అంత కష్టం.

ముఖం తెలియాలన్న కోరిక అన్నిటికంటే సున్నితమైనది. కూతురి రంగప్రవేశ పత్రిక మీద కూతురి ముఖం చూసుకోవాలనుకోవడం ఏ తల్లికైనా సహజం. కానీ ముఖం మీద ఫ్లాష్ వేసినా రిఫ్లెక్టర్ పట్టినా అది సిల్హౌట్‌గా మిగలదు. అందువల్ల పత్రిక బయటివైపు సిల్హౌట్, లోపలి పుటలో పూర్తి ఆహార్యంతో (నాట్య వేషధారణతో) వెలుతురులో తీసిన ఫొటో ఉండేలా రెండు వేర్వేరు పనులుగా విడదీశాను. ఒకే ఫొటోలో రెంటినీ ఇరికించే ప్రయత్నం చేసి ఉంటే రెండూ దెబ్బతినేవి.

స్థలం ఎంపిక

చంద్రగిరి వైపు ఒక చెరువును ఎంచుకున్నాను. దాని కట్ట ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది, పడమర వైపు నీళ్లు, తూర్పు వైపు దిగువన పొలాలు ఉన్నాయి. కట్ట ఎత్తు దిగువ పొలం నుంచి సుమారు మూడు మీటర్లు. నర్తకిని కట్ట మీద నిలబెట్టి, కెమెరాను దిగువ పొలంలో నేలకు దగ్గరగా పెడితే, అవతలి గట్టు చెట్లు, స్తంభాలు, తీగలు అన్నీ కట్ట అంచు కిందికి దిగిపోతాయి. పాదాల నుంచి తల దాకా ఆమె వెనక ఆకాశం తప్ప మరేమీ మిగలదు. సమతల నేల మీద ఇది సాధ్యం కాదు. దూరపు చెట్ల వరుస ఎంత చిన్నదిగా కనిపించినా మోకాళ్ల దాకా కాళ్లను మింగేస్తుంది. కూచిపూడి నర్తకికి మోకాళ్ల కింద ఏం జరుగుతోందో కనిపించకపోతే ఆ ఫొటోలో నాట్యమే లేదని నా అభిప్రాయం.

మొదటి సాయంత్రం ఏం జరిగింది

గురువుగారు రంగప్రవేశంలో రాబోయే అంశాల నుంచి తమకు ముఖ్యమనిపించిన భంగిమలను ఎంచి పంపారు. వాటిని మార్చకుండా, పూర్తి ఆహార్యంతో, వారు కోరినట్లే తీశాను. వారి ఎంపికకు మన్నన ఇవ్వడం ఒక కారణం. ఏది ఎందుకు పనిచేయదో మాటల్లో చెప్పడం కంటే తెర మీద చూపించడం తేలిక అన్నది రెండో కారణం.

నలుపు బాగానే వచ్చింది, ఆకారమే గుర్తుపట్టడానికి వీల్లేకుండా ఉంది. ఎదురుగా నిలబడి అరమండిలో (మోకాళ్లు ఇరుపక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో) కూర్చున్నప్పుడు మోకాళ్ల మధ్య ఏర్పడే ఖాళీని ఆహార్యంలోని కుచ్చిళ్ల విసనకర్ర తెరుచుకుని పూర్తిగా కప్పేసింది. నడుము నుంచి నేల దాకా ఒకే ముద్ద. రొమ్ము దగ్గర పట్టిన కటకాముఖ హస్తం (హస్తం అంటే వేళ్లతో పట్టే ముద్ర) మొండెంలో కలిసిపోయి, చేతులే లేనట్లు కనిపించింది. ముఖం సూటిగా కెమెరా వైపు ఉండడంతో ముక్కు, పెదవులు, గడ్డం దేనికీ అంచు లేదు, తల గుండ్రటి మచ్చగా మిగిలింది. వీపు మీద వేలాడే జడ శరీరం వెనక దాగింది. ఇవే భంగిమలు వేదిక మీద వెలుతురులో ఎంతో అందంగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ మనం అంచును కాక లోపలి వివరాలను, కన్నుల కదలికను, అభినయాన్ని చూస్తాం. సిల్హౌట్ వాటన్నిటినీ తీసివేసి గీతను మాత్రమే మిగుల్చుతుంది.

అదే సాయంత్రం సూర్యబింబాన్ని ఆమె తల వెనక దాచి తీయడం కూడా ప్రయత్నించాను. అలా తీస్తే తల చుట్టూ వెలుగు వలయం వస్తుందన్న ఆశ చాలామందికి ఉంటుంది. వలయం వచ్చింది, కానీ దగ్గర్లో ఉన్న వేళ్లు కరిగిపోయాయి. బలమైన వెలుతురు లెన్సులో చెదిరి సన్నటి అంచుల మీదికి పారుతుంది. నడుము, భుజం లాంటి మందమైన భాగాలు దాన్ని తట్టుకుంటాయి, వేలు తట్టుకోలేదు. ఎఫ్/16 వరకు అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) మూసి చూశాను. సూర్యుడి చుట్టూ నక్షత్రంలా కిరణాలు ఏర్పడ్డాయి, వేళ్ల పరిస్థితి మాత్రం మారలేదు, పైగా సెన్సర్ మీది ధూళి చుక్కలు ఆకాశంలో స్పష్టంగా కనిపించాయి. లెన్స్ ముందున్న యూవీ ఫిల్టర్ తీసేస్తే అదనపు ప్రతిబింబాలు తగ్గాయి, మూల సమస్య తగ్గలేదు. హస్తాలే భాషగా ఉన్న కళలో వేళ్లు పోగొట్టుకునే పద్ధతిని ఎంత అందమైన వలయం కోసమైనా నేను అంగీకరించలేను.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. ఆప్టికల్ వ్యూఫైండర్ ఉన్న కెమెరాకు టెలిఫొటో లెన్స్ తగిలించి సూర్యుడి వైపు కన్ను పెట్టకూడదు, దానివల్ల చూపుకే ప్రమాదం. కెమెరా వెనకనున్న లైవ్ వ్యూ తెర మీద చూడాలి, ఆ తెర మీద కూడా సూర్యుడిని ఎక్కువసేపు ఫ్రేములో నిలిపి ఉంచకూడదు.

బింబం పరిమాణం, కోణం, సమయం

సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు మాత్రమే ఉంటాడు. ఒక వస్తువు తన పరిమాణానికి సుమారు 108 రెట్లు దూరంలో ఉన్నప్పుడు సూర్యబింబమంత కనిపిస్తుంది. అంటే 160 సెంటీమీటర్ల నర్తకి ఎత్తుకు సమానంగా సూర్యుడు కనిపించాలంటే కెమెరా ఆమెకు 170 మీటర్లకు పైగా దూరం వెళ్లాలి, అంత దూరం నుంచి ఆమెను ఫ్రేము నిండా తీసే లెన్స్ కావాలి. నా దగ్గర ఉన్నది చిన్న సెన్సర్ కెమెరా, 200 మిల్లీమీటర్ల లెన్స్. నిలువు ఫ్రేములో ఆమె సగం ఎత్తు ఆక్రమించాలంటే 27 మీటర్ల దూరంలో నిలబడాలి. ఆ దూరంలో బింబం ఆమె పక్కన పాతిక సెంటీమీటర్ల వెడల్పుతో, ఇంచుమించు ఆమె తలంత కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో కనిపించే పెద్ద బింబాల ఫొటోలు చూసి వచ్చిన కుటుంబానికి ఈ లెక్క ముందే వివరించడం అవసరమైంది.

ఇంతకంటే ముఖ్యమైన విషయం కోణం. దిగువ పొలంలో ఉన్న కెమెరా నుంచి 27 మీటర్ల దూరంలోని కట్ట అంచు దాదాపు 6 డిగ్రీల ఎత్తులో, ఆమె తల 9 డిగ్రీల ఎత్తులో ఉంటాయి. జనవరిలో ఇక్కడ సూర్యుడు ఒక్కో డిగ్రీ దిగడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. కనుక పంచాంగం చెప్పే అస్తమయానికి సుమారు 40 నిమిషాల ముందు సూర్యుడు ఆమె తల పక్కన ఉంటాడు, 25 నిమిషాల ముందే కట్ట వెనక్కి వెళ్లిపోతాడు. ఆ వేళకు సూర్యుడు ఇంకా తీవ్రంగా తెల్లగా ఉంటాడు, ఆకాశంలో రంగు పండదు. పంచాంగ సమయాన్ని నమ్మి చివరి పది నిమిషాల్లో కట్ట దిగువకు చేరుకునేవారికి బింబం ఎక్కడా దొరకదు.

ఇది మొదట నష్టంగానే అనిపిస్తుంది. ఆలోచించిన కొద్దీ అదే పరిష్కారమని అర్థమైంది. సూర్యుడు కట్ట వెనక్కి దిగిన క్షణం నుంచి కెమెరా కట్ట నీడలో ఉంటుంది. లెన్స్ మీద నేరుగా పడే కిరణం ఉండదు, వెలుతురు పారదు, వేళ్లు కరగవు. నిజమైన అస్తమయం ఇంకా 25 నిమిషాల దూరంలో ఉంటుంది, ఆ తరువాత పౌర సంధ్య (అస్తమయం తరువాత ఆకాశంలో ఇంకా వెలుతురు నిలిచే సమయం) మరో 20 నిమిషాలకు పైగా సాగుతుంది. హడావిడి లేకుండా, ఆకాశం పసుపు నుంచి నారింజకూ ఎరుపుకూ మారుతున్నంతసేపు పని చేసుకోవచ్చు. ఫ్రేములో సూర్యుడు ఉండి తీరాలన్న పట్టుదల వదిలితే సూర్యాస్తమయం మనకు ఎక్కువ సమయం ఇస్తుందన్నది ఈ పనిలో నాకు దక్కిన అత్యంత విలువైన సంగతి. బింబం లేని ఫొటోకు కుటుంబాన్ని ఒప్పించడానికి మొదటి సాయంత్రపు రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించాను. వేళ్లు కనిపించే ఫొటోను అమ్మాయే ఎంచింది.

తెల్ల పంచె పరీక్ష

భంగిమల ఎంపికకు సాయంత్రాలు ఖర్చు చేయడం అనవసరమని భావించాను. గురువుగారి సాధన గదిలో ఒక తెల్ల పంచె కట్టి, దాని వెనక దీపం పెట్టి, పంచె ముందు విద్యార్థినిని నిలబెట్టి ఒక్కో భంగిమనూ ఫోన్‌తో తీశాం. ఆహార్యం లేదు, అలంకరణ లేదు, ఆకారం మాత్రమే. తోలుబొమ్మలాటలో బొమ్మల ముఖాలను ఎక్కువగా పక్కవాటుగా ఎందుకు చేస్తారో ఆ గదిలో అందరికీ ఒకేసారి తెలిసింది.

అసలు నిర్ణయాలన్నీ అక్కడే జరిగాయి, వాటిలో ఎక్కువ భాగం గురువుగారివి. హస్తాన్ని కెమెరా కోసం ఇష్టం వచ్చిన చోటికి జరపడానికి వారు ఒప్పుకోలేదు, అది న్యాయమే. శాస్త్రం చెప్పిన స్థానం తప్పితే, చూసేవారికి ఆ హస్తం వేరే అర్థం ఇస్తుంది, లేదా ఏ అర్థమూ ఇవ్వదు. అందుచేత చేతిని జరిపే బదులు, చేయి సహజంగానే శరీరానికి దూరంగా చాచి ఉండే భంగిమలను మాత్రమే ఎంచాలని అనుకున్నాం. హస్తాల్లోనూ తేడాలు బయటపడ్డాయి. అలపద్మం విచ్చుకున్న వేళ్లతో ఏ వైపు నుంచైనా గుర్తుపట్టేలా ఉంటుంది. శిఖరంలో బొటనవేలు, మృగశీర్షంలో బొటనవేలూ చిటికెన వేలూ అంచు దాటి కనిపిస్తాయి. కర్తరీముఖంలో చాచిన రెండు వేళ్ల మధ్య సందు కెమెరా వైపు తిరిగి ఉంటేనే తెలుస్తుంది. పతాకం అంచు మీదుగా చూస్తే గీతగా మారిపోతుంది. ముష్టి, కటకాముఖం రెండూ ముద్దలే.

చివరికి రెండు భంగిమలు నిలిచాయి. ఒకటి స్వస్తిక పాదంతో (ఒక కాలికి అడ్డంగా మరో కాలు పెట్టి) నిలబడి మురళి పట్టిన కృష్ణుడి భంగిమ. చేతులు రెండూ ముఖానికి ఒక పక్కగా బయటికి వస్తాయి కనుక వాటి చుట్టూ ఆకాశం మిగులుతుంది. రెండోది చేతులు భుజాల ఎత్తులో ఇరువైపులా చాచిన అరమండి. దీనికి కుట్టిన ఆహార్యం బదులు సాధన చీర కట్టుకోమని కోరాను, అందులో మోకాళ్ల మధ్య ఖాళీ స్పష్టంగా నిలుస్తుంది. పత్రిక మీద సాధన చీరా అని తల్లి సందేహించారు. "అమ్మా, నలుపులో పట్టుచీరకూ నూలుచీరకూ తేడా ఉండదు, ఆకారానికే తేడా ఉంటుంది," అని పంచె ముందు తీసిన రెండు ఫొటోలు చూపించాను. ఆ తరువాత అభ్యంతరం రాలేదు.

చివరి సాయంత్రం

కట్ట పైభాగం మూడు నాలుగు మీటర్ల వెడల్పు ఉంది. నర్తకి అంచు నుంచి మూడు మీటర్లు వెనక్కి నిలబడితే కింది నుంచి చూసే కెమెరాకు ఆమె పాదాలు ముప్పై సెంటీమీటర్ల మేర దాగిపోతాయి, అంటే గజ్జెలు పోతాయి. అందువల్ల తూర్పు అంచున తూము పక్కనున్న వెడల్పాటి రాతి దిమ్మె మీద ఆమెను నిలబెట్టాం. దిమ్మె గట్టిదో కాదో ముందు పెద్దవాళ్లు ఎక్కి చూశారు, అంచు కింద ఇద్దరు నిలబడ్డారు, గెంతులు, చుట్లు వద్దని ముందే నిర్ణయించాం. కెమెరాకు అడ్డొచ్చే గడ్డిని ఆ ముక్క మేరకు కోయించాం.

సూర్యుడు కట్ట వెనక్కి వెళ్లాక, అంచుకు కొంచెం పైనున్న ఆకాశాన్ని స్పాట్ మీటరుతో కొలిచి, ఐఎస్‌ఓ 100, ఎఫ్/5.6, 1/250 సెకను ప్రాంతంలో మొదలుపెట్టాను. వెలుతురు పడిపోతున్న కొద్దీ ముందు షట్టర్‌ను, తరువాత ఐఎస్‌ఓను సవరించుకుంటూ పోయాను. కెమెరా రంగులను తనంతట తాను సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ నారింజ రంగును తప్పుగా భావించి చల్లబరుస్తుంది కనుక దాన్ని 6000 కెల్విన్ ప్రాంతంలో స్థిరపరిచి, రా ఫైళ్లుగా (సెన్సర్ సమాచారాన్ని యథాతథంగా ఉంచే ఫైళ్లు) తీశాను. వెలుతురు పంపకాన్ని చూపే హిస్టోగ్రాములో మొత్తం గీతను కాక ఎరుపు ఛానల్‌ను గమనించాను. సంధ్యాకాశంలో ముందు పొంగిపోయేది ఎరుపే, అది పొంగితే ఆకాశంలో చదునైన పసుపు మచ్చ ఏర్పడుతుంది, తరువాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ అక్కడి రంగు తిరిగి రాదు. ఫోకస్‌కు ఆమె భుజం అంచును పట్టుకుని, ఆ తరువాత మాన్యువల్‌కు మార్చేశాను.

పత్రికకు ఎంచిన ఫొటో అస్తమయం తరువాత కొద్ది నిమిషాలకు వచ్చింది. మురళి భంగిమ, పక్కవాటు ముఖం, విడివిడిగా వేళ్లు, వెనక ఎర్రబారిన ఆకాశం. ముక్కు, పెదవి, గడ్డం గీతలో ఉన్నాయి కనుక ఇంట్లోవాళ్లు చూడగానే ఆమెను గుర్తుపట్టారు. ముఖం తెలియాలన్న తల్లి కోరిక ఆ మేరకు తీరింది.

కుదరని ఒక కోరిక

కూచిపూడిలోని తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తల మీద చెంబు పెట్టుకున్న దృశ్యం కావాలని గురువుగారికి ఎంతో ఆశ ఉండేది. చెంబు ఆకాశం ముందు చక్కగా గుర్తుపట్టేలా కనిపిస్తుంది. పళ్లెం మాత్రం దిగువ నుంచి చూసే కెమెరాకు దిమ్మె అంచు వెనక సన్నటి నల్లగీతగా మిగులుతుంది, రాతికీ దానికీ తేడా తెలియదు. పళ్లెం కనిపించాలంటే కెమెరా దానికంటే కొంచెం పైన ఉండాలి, అప్పుడు దాని లోపలి భాగం ఆకాశాన్ని ప్రతిఫలించి మెరుస్తుంది. కానీ కెమెరా పైకి లేచిందంటే అవతలి గట్టు చెట్లు కాళ్ల వెనక్కి తిరిగి వచ్చేస్తాయి. ఈ రెండు అవసరాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైగా ఎత్తైన రాతి అంచున పళ్లెం మీద విద్యార్థినిని నిలబెట్టడానికి నా మనసు ఒప్పుకోదు. తరంగాన్ని వేదిక మీద, పక్కల నుంచి వచ్చే దీపాల వెలుతురులో తీసి లోపలి పుటకు ఇచ్చాను.

ముద్రణకు ముందు నారింజ రంగును ప్రెస్సు నమూనా కాగితం మీద తీయించి చూసుకున్నాం, తెర మీది మెరుపు అచ్చులో కొంత తగ్గుతుంది. ఫైలును వాట్సాప్‌లో పంపకుండా నేరుగా అందజేశాను, కుదించిన ఫైలులో ఆకాశపు రంగులు మెట్లు మెట్లుగా విడిపోతాయి.

తరువాతి పనుల్లో మారినవి

ఇప్పుడు సిల్హౌట్ అడిగే ప్రతి నర్తకితోనూ పంచె పరీక్షతోనే మొదలుపెడుతున్నాను, గురువుగారు గదిలో ఉండేలా చూసుకుంటున్నాను. భంగిమ అక్కడ గుర్తుపట్టేలా రాకపోతే ఏ ఆకాశం ముందూ రాదు. స్థలం చూడడానికి వెళ్లినప్పుడు పడమటి అందాన్ని కాక, ఆమె పాదాల వెనక ఏముందో నేల మీద పడుకుని చూస్తున్నాను. చెరకు తోటల, బెల్లం గానుగల పొగ కమ్ముకునే సాయంత్రాల్లో బింబం క్షితిజానికి చేరకముందే మసకబారి మాయమవుతుంది. కట్ట నీడలో తీసే పద్ధతి బింబం మీద ఆధారపడదు కనుక ఆ రోజులు కూడా వృథా కావడం లేదు.

ఈ పద్ధతికి కాలంతోపాటు మారే హద్దు ఒకటి ఉంది. జూన్ నాటికి సూర్యుడు పడమరకు సుమారు 24 డిగ్రీలు ఉత్తరంగా, అంటే జనవరి స్థానానికి ఇంచుమించు 45 డిగ్రీల దూరంగా అస్తమిస్తాడు. అదే కట్ట దిగువన కెమెరా దక్షిణానికి జరగాలి, అప్పుడు చూపు శేషాచలం వైపు తిరుగుతుంది. కొండ శిఖరరేఖ కట్ట అంచు కంటే కిందనే ఉన్న చోట ఏమీ మారదు. శిఖరరేఖ అంచు దాటి పైకి వస్తే నర్తకి కాళ్లు మళ్లీ నలుపులో కలిసిపోతాయి, వేసవి రంగప్రవేశాలకు ఆ చెరువును వదిలి, కొండలకు మరింత దూరంగా ఉన్న వేరే కట్టను వెతుక్కోవాలి.